నాన్నగారు లైను మీద ఉన్నారు

బరంపురంలో కరెంటు పోతే కరెంటు పోయిందని అనేవాళ్ళు తక్కువ. "లైను పోయింది" అంటారు. ఒడియావాళ్ళ నోట "లైన్ గలా" అన్న మాటను మా తెలుగువాళ్ళం అలాగే తెలుగు చేసుకున్నాం. ఊరి చివర హల్దియాపదర్ దాకా ఇళ్ళు పెరిగి, అపార్టుమెంట్లలో జనరేటర్లు వచ్చాక కూడా ఆ మాట మారలేదు. విశాఖపట్నం నుంచి వచ్చిన చుట్టాలు మొదటిసారి వింటే, ఏ లైను, ఎక్కడికి పోయింది అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మాకు లైను అంటే కరెంటు ఒక్కటే కాదు. ఈ ఊళ్ళో ఆ ఒక్క ఇంగ్లీషు ముక్క ఎన్ని వస్తువుల్ని, ఎన్ని బతుకుల్ని మోసిందో తలుచుకుంటే నాకు ఆశ్చర్యంగా ఉంటుంది.

మా బడిలో ఇంగ్లీషు మాస్టారు ఒకరోజు నల్లబల్ల మీద ఆ మాట ఒక్కటే రాసి అర్థం చెప్పమన్నారు. పోలీసు జవాను కొడుకు, తాముండే ఇళ్ళ వరస అన్నాడు. పోలీసు లైన్లో పుట్టినవాడు వాడు. బస్సు కండక్టరు కొడుకు ఆస్కా రోడ్డు అన్నాడు. వాళ్ళ నాన్న ఆస్కా లైను బండి మీద పనిచేసేవాడు. కిరాణా టోకు కొట్టువారి అబ్బాయి, గుమాస్తాలు వారానికోసారి తిరిగి ఆర్డర్లు రాసుకొచ్చే ఊళ్ళ చుట్టు అన్నాడు. తంతి ఆఫీసు ఉద్యోగి కొడుకు తీగ అన్నాడు. నేను మా నాన్నగారి డ్యూటీ అన్నాను. దేరా వీధి నుంచి వచ్చే నేతవారి అబ్బాయి ఒకడు లేచి నిలబడ్డాడు గాని ఏమీ చెప్పలేకపోయాడు. మాస్టారు ఎవరి అర్థాన్నీ తప్పనలేదు. ఆ పిల్లవాడి దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేసి చెప్పారు. లాటిన్ భాషలో లీనుం అంటే అవిసె మొక్క. దాని నార తీసి పేనిన దారం లీనియా. ఆ దారమే ఇంగ్లీషులో లైను అయింది. తాపీవాళ్ళూ వడ్రంగులూ దారం బిగించి గీత కొడతారు కదా, అలా దారం గీత అయింది, గీత వరస అయింది, వరస దారి అయింది. అందరికంటే పాత అర్థం మీ ఇంటి మగ్గం మీదే ఉందిరా, అన్నారు. ఫోడ కుంభ అంచు పట్టుచీరలు నేసే ఇంటి పిల్లవాడు ఆరోజు ఎంత వెలిగిపోయాడో నాకింకా కళ్ళకు కట్టినట్టుంది.

నాకు ఆ మాటతో మొదట గుర్తొచ్చేది లైను బాక్సు.

మా నాన్నగారు గూడ్సు గార్డు. హెడ్‌క్వార్టరు పలాస. పలాసకీ ఖుర్దారోడ్డుకీ మధ్య తిరిగేవారు. మేమంతా బరంపురంలో తాతగారి ఇంట్లో ఉండేవాళ్ళం. వీధి తలుపు తట్టి ఎవరైనా "గార్డుగారున్నారా అమ్మా" అంటే, అమ్మ లోపల్నుంచే "లైను మీద ఉన్నారు" అనేది. ఇవాళ వస్తారో రేపు వస్తారో చెప్పలేనప్పుడు, ఏ స్టేషను లూపులో బండి ఆగిపోయి ఉందో తెలియనప్పుడు, పండక్కి ఉంటారో ఉండరో అడగొద్దని చెప్పడానికి అమ్మకి ఉన్నది ఆ ఒక్క వాక్యమే. మాకూ అలవాటైపోయింది. బడిలో తండ్రి సంతకం కావాలంటే "లైను మీద ఉన్నారండీ" అనేవాళ్ళం. రైల్వే ఇళ్ళ పిల్లలం కాబట్టి మాస్టార్లు ఇంకేమీ అడిగేవారు కాదు.

నాన్నగారి లైను బాక్సు ఇనుప రేకుది. నల్లరంగు మీద తెల్ల అక్షరాలతో నాన్నగారి పేరు, హోదా, హెడ్‌క్వార్టరు రాసి ఉండేవి. మూత తీస్తే కిరసనాయిలు, నూనె, పాత కాగితం కలిసిన వాసన వచ్చేది. ఎర్రజెండా, పచ్చజెండా కర్రలకు చుట్టి ఒక పక్క. మూడు రంగులు చూపించే చేతిదీపం. మందుల డబ్బా. రూల్సు పుస్తకం, వర్కింగు టైంటేబులు. అడుగున గుండ్రటి డబ్బాలో డిటొనేటర్లు. వాటిని పట్టా మీద బిగిస్తే, చక్రం ఎక్కగానే పేలి, వెనక వచ్చే బండి డ్రైవరుకి ముందు ప్రమాదం ఉందని తెలుస్తుంది. ఆ డబ్బా ముట్టుకుంటే మాత్రం నాన్నగారు ఊరుకునేవారు కాదు. తక్కిన వాటిని వరసగా తీసి తుడిచి మళ్ళీ సర్దే పని, ఆయన అలిసి ఉన్నప్పుడు, మేము పలాస క్వార్టరుకి వెళ్ళిన రోజుల్లో నాకు దక్కేది. స్టేషన్లో బాక్సు బాయ్ దాన్ని తలకెత్తుకుని బ్రేకువ్యానులో పెట్టేవాడు. ప్లాట్‌ఫారం చివర ఆ పెట్టెలు పది పదిహేను వరసగా పేర్చి ఉంటే, ఆ పేర్లు చదివి ఏ గార్డుగారు ఊళ్ళో ఉన్నారో, ఎవరు బయల్దేరబోతున్నారో చెప్పేసేవాళ్ళం.

ఇప్పుడు ఆ పెట్టెలు పోతున్నాయి. రైల్వే వాటి బదులు చక్రాల ట్రాలీ బ్యాగులు ఇస్తోంది. 2022 జనవరిలో గార్డు అన్న పేరు కూడా మారి ట్రెయిన్ మేనేజరు అయింది. బరువు మోసేవాళ్ళ మెడలు బతికాయి, అది మంచిదే. కాని ఒక మనిషి పేరు రాసి ఉన్న పెట్టె బండితో పాటు ప్రయాణం చేయడంలో ఒక పరువు ఉండేది. ఆ పరువు బ్యాగుకి రాలేదు.

నాన్నగారు తిరిగిన రైలు మార్గాన్ని ఆయన కంటే ముందు తరంవాళ్ళు బి.ఎన్.ఆర్. లైను అనేవారు. కటకం నుంచి బెజవాడ దాకా కోస్తా రైలు మార్గాన్ని 1893కీ 1896కీ మధ్య ముక్కలు ముక్కలుగా తెరిచారు. కొద్ది ఏళ్ళలోనే వాల్తేరుకి ఉత్తరాన ఉన్న భాగమంతా బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వచ్చింది. ఆ కంపెనీ కార్మికులకి నాయకుడై 1928లో సమ్మె నడిపించిన వరాహగిరి వెంకటగిరి మా ఊరివారే. 1894లో బరంపురంలో తెలుగు ఇంట పుట్టారు. ఆయన 1969లో రాష్ట్రపతి అయినప్పుడు నాన్నగారు పలాస రన్నింగు రూములో మిఠాయి పంచారట. అడిగినవాళ్ళకి "మన లైను మనిషి" అని చెప్పారట. మన ఊరివాడు, మన కులంవాడు, మన భాషవాడు అనగలిగి కూడా ఆయన అన్నది ఆ మాటే. నాన్నగారి సంగతుల్లో నేను ఎక్కువసార్లు తలుచుకునేది ఇదే.

ఇంకొకటి లైన్ క్లియర్. జోడు పట్టాలు పడకముందు, ఒంటి లైను మీద రెండు స్టేషన్ల నడుమ ఒక్క బండే ఉండాలి. దానికొక యంత్రం ఉండేది. అటు స్టేషను మాస్టారు ఒప్పుకుని తన యంత్రం నొక్కితేనే ఇటు యంత్రంలోంచి ఒక లోహపు గోళం బయటికి వస్తుంది. పిడికిట్లో ఇమిడేంత. దాని మీద ఆ రెండు స్టేషన్ల పేర్లు చెక్కి ఉంటాయి. ఆ గోళాన్ని తోలు సంచిలో వేసి, పెద్ద బెత్తపు వలయానికి కట్టి డ్రైవరుకి అందిస్తారు. అది చేతికి వస్తేనే బండి కదలాలి. అవతలి స్టేషన్లో దాన్ని యంత్రంలో వేసేదాకా ఇంకొకటి బయటికి రాదు. ఆగని బండి వస్తున్నప్పుడు పాయింట్స్‌మాన్ ప్లాట్‌ఫారం అంచున నిలబడి వలయం పైకెత్తి పట్టుకునేవాడు. ఇంజను మీది మనిషి మోచెయ్యి వంచి వలయంలో దూర్చి లాక్కునేవాడు, పాతదాన్ని కిందికి విసిరేవాడు. రాత్రిపూట కాగడా వెలుగులో ఈ పని చూడాలి. వానలోనూ చలిలోనూ అది తప్పిపోవడం నేను ఒక్కసారీ చూడలేదు.

ఈ గోళం సంగతి తెలియని ఇళ్ళలో కూడా లైన్ క్లియర్ అన్న మాట ఉంది. పెళ్ళివారు ఒప్పుకున్నారా అంటే "లైన్ క్లియరయింది" అంటారు. మా ఇంట్లో మాత్రం దాని అసలు అర్థం బతికి ఉండేది. మా అక్క పెళ్ళి మాటలప్పుడు నాన్నగారు, "అటువాళ్ళు నొక్కాలి గదా, మనం ఒక్కళ్ళం నొక్కితే గోళం రాదు" అన్నారు. అవతలివాళ్ళ నుంచి ఉత్తరం వచ్చేదాకా ఎవర్నీ తొందరపడనివ్వలేదు.

రైలు పట్టాల వెంబడే తంతి తీగలు సాగేవి. ఇనప స్తంభాలకి అడ్డకొయ్యలు, వాటి మీద తెల్లటి పింగాణీ కప్పులు. గాలి వీచే పూట స్తంభానికి చెవి ఆనిస్తే లోపల హోరు వినిపించేది. టెలిగ్రాములు పోతున్న చప్పుడు అదేనని మేము గట్టిగా నమ్మాం. తంతి అంటే పెద్దవాళ్ళకి భయం. తంతి జవాను సైకిలు వీధిలో ఆగితే ఆ వీధి మొత్తం వంటలు ఆపి బయటికి వచ్చేది. 2013 జూలైలో టెలిగ్రాము సేవే ఆగిపోయింది. అప్పటికి ఆ తీగలు మా వైపు ఎక్కడా కనబడడం లేదు.

ట్రంకాల్ సంగతి వేరు. అందులో ఆశ ఉండేది. విజయనగరంలో ఉన్న బాబాయితో మాట్లాడాలంటే పొద్దున్నే బుక్ చేసి రోజంతా ఫోనున్న కోమట్ల ఇంటి అరుగు మీద కూర్చునేవాళ్ళం. మామూలు కాల్, అర్జెంటు కాల్, అన్నిటికంటే ఖరీదైనది లైట్నింగు కాల్. ఎక్స్‌చేంజిలో కూర్చున్న అమ్మాయి "లైను దొరకలేదు" అంటే నీరసం, "లైన్లోనే ఉండండి" అంటే గుండె దడ. మూడు నిమిషాలవగానే మధ్యలో వచ్చి చెప్పేది. మామ్మకి ఆ మూడు నిమిషాల్లో రెండు నిమిషాలు "వినబడుతోందా నాయనా" అనడానికే సరిపోయేది. తర్వాత పసుపు బోర్డుల ఎస్‌టీడీ బూతులు వచ్చాయి. రాత్రి పదకొండు దాటితే పావు చార్జీ. ఆ వేళకి లుంగీలు కట్టుకుని బూతు ముందు నిలబడ్డవాళ్ళలో సగంమంది మాట్లాడేది తెలుగే. కూతుళ్ళను ఇచ్చింది ఆంధ్ర వైపే, కోడళ్ళను తెచ్చుకున్నదీ అటే మరి. ఎర్ర అంకెలు తిరిగే మీటరు వంక చూస్తూ కూతురితో మాట్లాడే తండ్రిని అద్దంలోంచి ఎన్నిసార్లో చూశాను. ఆ బూతులూ ఇప్పుడు లేవు. సూరత్ మిల్లులకి వలసపోయిన గంజాం కుర్రాళ్ళు ఇవాళ ఏ వేళప్పుడైనా మొహం చూపించి అమ్మతో మాట్లాడుకుంటున్నారు. అది చూస్తే నాకు సంతోషమే.

బస్సుల సంగతి కొంచెం చెప్పి ముందుకు పోతాను. పాత బస్‌స్టాండు ఊరి నడుమ ఉండేది. ఆస్కా లైను, భంజనగర్ లైను, దిగపహండి లైను, పర్లాకిమిడి లైను అని బండ్లు వేరు వేరుగా నిలబడేవి. ఫలానా లైను ఫలానా షావుకారుదని ఊరంతటికీ తెలుసు. ముసలివాళ్ళు భంజనగర్‌ని రసెల్‌కొండ అనేవారు, దొరల నాటి పేరు. హల్దియాపదర్‌లో హైవే పక్కన కొత్త బస్‌స్టాండు కట్టాక, దూరపు బండ్లెన్నో అటు మళ్ళాయి. పాత స్టాండులో వేరుశనక్కాయలు అమ్మేవాళ్ళు ఒక్కొక్క లైను కండక్టరు గొంతునీ గుర్తుపట్టగలిగేవాళ్ళు. కొత్తచోట అంత దగ్గరతనం కుదరలేదు.

కిరసనాయిలు లైను కూడా చెప్పాలి. డబ్బాలకు తాడు కట్టి ఒకదాని వెనక ఒకటి పెట్టి, మనుషులు ఇంటికి వెళ్ళి వంట చేసుకు వచ్చేవారు. డబ్బా ఉంటే మనిషి ఉన్నట్టే. ఎవరి డబ్బానీ ఎవరూ వెనక్కి జరిపేవాళ్ళు కాదు.

ఈ మాటకి నేను మరిచిపోలేని అర్థం ఒక ముసలమ్మ నోట విన్నాను. మా వీధిలో అప్పడాలు ఒత్తి అమ్మేది ఆవిడ. ఏ ఊళ్ళో పుట్టావు మామ్మా అంటే, "లైన్లో పుట్టాను బాబూ, అస్సాములో" అంది. రైలు పట్టాల పక్కన పుట్టిందేమో అనుకున్నాను. కాదు. తేయాకు తోటల్లో కూలీలకి వరసగా కట్టిన గదులను లైన్లు అంటారు. ఒకే కప్పు, మధ్యలో గోడలు, ఒక్కొక్క సంసారానికి ఒక్కొక్క గది. గంజాం మెట్ట పల్లెల నుంచి కరువు సంవత్సరాల్లో మేస్త్రీలు మనుషుల్ని పోగుచేసి అస్సాముకి పంపేవారు. ఇంకొందరు గోపాల్‌పూర్‌లో స్టీమరెక్కి రంగూను వెళ్ళేవారు. గోపాల్‌పూర్‌లో ఓడలు ఒడ్డుకి రాలేవు, దూరాన లంగరు వేసేవి. మసూలా పడవల్లో అలలు దాటి వెళ్ళి ఓడ ఎక్కాలి. తెలుగు కూలీలను అక్కడివాళ్ళు కోరంగీలు అనేవారు. రంగూను మీద 1941 డిసెంబరులో జపానువాళ్ళ బాంబులు పడ్డాక, ఓడలు దొరకనివాళ్ళు అడవులు దాటి కాలినడకన వచ్చారు. రానివాళ్ళు చాలామంది. ఆ ముసలమ్మ పెనిమిటి పెదనాన్న కుటుంబం అలా రానివాళ్ళలోదట. ఆవిడ ఆ సంగతి చెబుతున్నంతసేపూ అప్పడాలు ఒత్తడం ఆపలేదు. లైన్లో ఎన్ని గదులుండేవో, నీళ్ళ కుళాయి ఎంత దూరమో, పక్కగదిలో సంతాలీ పిల్ల తనకి ఏ పాట నేర్పిందో అన్నీ గుర్తున్నాయి ఆవిడకి. వాళ్ళ నాన్న ఊరి పేరు మాత్రం గుర్తు లేదు. నేను అప్పుడే కూర్చుని అదంతా రాసుకుని ఉంటే బాగుండేది. ఆవిడ పోయి చాలాకాలమైంది. ఆ ఇంట్లో ఇవాళ అస్సాము మాట ఎత్తేవాళ్ళు లేరు.

ఇన్ని లైన్లు చెప్పాను. అసలైన గీత ఒకటుంది, దాన్ని మా ఊళ్ళో లైను అని ఎవరూ అనరు. 1936 ఏప్రిల్ 1న గీసింది అది. అప్పటిదాకా గంజాం జిల్లా మద్రాసు రాజధానిలో ఉండేది. ఆరోజుతో ఒడిశా కొత్త రాష్ట్రమైంది. బరంపురం, ఛత్రపురం, ఆస్కా అటు వెళ్ళాయి. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి మద్రాసులోనే ఉండిపోయి, 1950లో శ్రీకాకుళం జిల్లాలో చేరాయి. మా తాతగారు ఉన్న ఇంట్లోనే ఉండి, రాష్ట్రం మారారు. ఇచ్ఛాపురం మాకు సుమారు పాతిక కిలోమీటర్లు. మామ్మ పుట్టిల్లు అదే.

మా పెద్దవాళ్ళలో కొందరు ఆ గీత గురించి కడదాకా బాధపడ్డారు. నేను మరో రకంగా ఆలోచిస్తాను. ఒడియావాళ్ళు అప్పటికి మూడు నాలుగు ఏలుబడుల కింద చెదిరి ఉన్నారు. 1903లో మధుసూదన్ దాస్ ఉత్కళ సమ్మిళని పెట్టింది మొదలు తమ భాష ఒకచోట ఉండాలని అడుగుతూనే వచ్చారు. మనవాళ్ళు ఆంధ్ర రాష్ట్రం అడిగినట్టే. మమ్మల్ని మా చుట్టాల నుంచి వేరుచేసిన గీతే వాళ్ళను వాళ్ళ చుట్టాలతో కలిపింది. ఈ రెండూ నిజమే. నాకు కష్టంగా ఉండేది వేరే సంగతి. మా వీధిలో మూడు తరాలుగా ఇంట్లో తెలుగే మాట్లాడుతున్నారు, పిల్లలకి మాత్రం అక్షరాలు రావు. పెళ్ళి శుభలేఖ తెలుగులో అచ్చు వేయించి, దాన్ని చదివి పెట్టమని నా దగ్గరికి తెస్తారు. వాళ్ళకి వారం వారం కూర్చోబెట్టి గుణింతాలు చెబుతున్నాను. నాలుగు గీతల కాపీ పుస్తకం తెస్తే, అది ఇంగ్లీషుకి, మన అక్షరం గుండ్రంగా రావాలి, గీతలు లేని పలక తెండి అంటాను. పలకలు ఇప్పుడు దొరకడం కష్టం.

కరెంటు లైను అసలు విలువ తెలిసేది తుపాను తర్వాత. 1999 అక్టోబరు 17న ఒకటి మా మీద పడింది. పన్నెండు రోజులకి పారదీప్ దగ్గర మహాతుపాను వచ్చి దేశమంతా అటు చూసింది కాబట్టి, మా తుపాను ఎవరికీ గుర్తు లేదు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. తెల్లవారేసరికి వీధిలో నిలబడ్డ స్తంభం లేదు. ఆ రోజుల్లో లైన్‌మాన్‌ని దేవుణ్ణి చూసినట్టు చూశాం. నా చిన్నప్పటి లైన్‌మాన్ సైకిలు మీద వెదురు నిచ్చెన భుజాన వేసుకు వచ్చేవాడు, ఫీజు పోతే తీగ చుట్టి కట్టి టీ తాగి వెళ్ళేవాడు. ఫైలిన్‌కి వచ్చినవాళ్ళు లారీల్లో వచ్చారు, మా పేర్లు వాళ్ళకి తెలియవు. అయినా మా వీధి ఆడవాళ్ళు ఇంట్లో ఉన్నదేదో వండి వాళ్ళకి పెట్టారు. లైను వచ్చిన రాత్రి వీధి పిల్లలంతా "ఆసిలా, ఆసిలా" అని ఒడియాలో అరిచారు. మా మనవలూ అందులో ఉన్నారు.

ఇక మిగిలింది చిన్న లైను. నౌపడ నుంచి పర్లాకిమిడికి అక్కడి రాజావారు 1900లో వేయించిన రైలు అది. రెండున్నర అడుగుల గేజి. 1931లో గుణుపురం దాకా సాగింది. టెక్కలి, టెంబూరు, పాతపట్నం మీదుగా వెళ్ళేది. తర్వాత గీసిన సరిహద్దు ఆ పట్టాల మీదుగానే పోయింది. పాతపట్నం ఆంధ్ర అయింది, పక్కనే ఉన్న పర్లాకిమిడి ఒడిశా. బండి మాత్రం ఎప్పటిలాగే రెండింట్లోనూ ఆగేది. మా పిన్నిని పర్లాకిమిడి ఇచ్చారు. వేసవి సెలవుల్లో పెద్ద లైను బండిలో నౌపడ దాకా వెళ్ళి, అక్కడ చిన్న బండి ఎక్కేవాళ్ళం. కిటికీలోంచి చెయ్యి చాపితే జీడిమామిడి కొమ్మలు తగిలేవి. కళ్ళలో బొగ్గు నలుసులు పడేవి. ఎత్తు వచ్చిన చోట బండి నెమ్మదిస్తే కుర్రాళ్ళు దిగి పక్కన నడిచి మళ్ళీ ఎక్కేవారు. గార్డుగారి పిల్లలమని తెలిసి ఒక గార్డుగారు బ్రేకువ్యానులో కూర్చోబెట్టి పచ్చజెండా ఊపనిచ్చారు. ఆ సంగతి నాన్నగారికి చెప్పలేదు, రూల్సు ప్రకారం అది కూడదు కాబట్టి.

2004 జూన్‌లో ఆ బండి ఆపేశారు. పట్టాలు పీకి, కట్ట వెడల్పు చేసి, 2011లో బ్రాడ్‌గేజి బండ్లు నడిపారు. గుణుపురం నుంచి ఇప్పుడు బరంపురం మీదుగా పోయే బండి కూడా ఉంది. నౌపడలో సామాను దించుకుని మారే పని తప్పింది, పిన్ని వయసుకి అది పెద్ద మేలు. బయల్దేరే ముందు రోజు ఫోను చేసి, "రేపు చిన్న లైను బండికి వస్తున్నాన్రా" అంటుంది. బండి వేళ కనుక్కుని స్టేషనుకి వెళ్ళి తీసుకొస్తాను.